పట్టపుపాలెంలో గ్లాసెడు మంచినీళ్లు

మా కరుణాకుమారి సాధించిన మొదటి ఘనకార్యం, పట్టపుపాలెంలో వెంకటశేషమ్మ చేతి మీదుగా ఒక గ్లాసు మంచినీళ్లు తాగడం.

చదివేవాళ్లకు ఇది నవ్వులాటగా తోచవచ్చు. గ్లాసెడు నీళ్లు ఎవరివ్వరు? ఎండలో గడప ముందు నిలబడితే ముక్కూ మొహం తెలియని వాడికైనా ఇస్తారు. కానీ ఆ నీళ్ల కోసం మా పిల్ల నవంబరు వానల్లో మొదలుపెట్టి మరుసటి ఏడు మార్చి ఎండల దాకా తిరిగింది. మా క్రైస్తవ సంఘంలో గుడి కట్టించినవాళ్లున్నారు, గంట తెప్పించినవాళ్లున్నారు, కూటాలకు జిల్లా నలుమూలల నుంచి జనాన్ని రప్పించినవాళ్లున్నారు. వాళ్ల గురించి వార్షికోత్సవం పుస్తకాల్లో ఫోటోలతో సహా వేశాం. ఈ నీళ్ల సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. అందుకని నేను రాస్తున్నాను.

కరుణాకుమారి నా తమ్ముడి కోడలు, టైటస్ భార్య. మాది బుచ్చిరెడ్డిపాలెం పక్కన కాలవ కింద ఊరు. పెన్న నీళ్లతో వరి పండించి బతికే ఊరు. ఆమె నాట్ల ముఠాకు పెద్ద. ఈ చుట్టుపక్కల ఏ రైతునైనా అడగండి, కరుణ ముఠా దిగిన మడిలో ఎడం కనపడదంటారు, కట్ట విప్పిన నారు గట్టు మీద వాడదంటారు. పొలం పనికి వచ్చే ఆడవాళ్లకు ఒక మరుగుదొడ్డి కావాలని పట్టుబట్టి, అది లేచేదాకా పంచాయతీ ఆఫీసు మెట్లు దిగని మనిషి. మా స్త్రీల సమాజానికి పెళ్లయి వచ్చిన కొత్తలోనే పెద్దగా ఎన్నికైంది, ఇప్పటికీ ఆమే పెద్ద. ఇవన్నీ గొప్పలు కావు, ఉన్న మాటలు.

సమాజం అంటే ముందు గుప్పెడు బియ్యం. మా ఇళ్లలో ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి పక్కన చిన్న కుండలో వేస్తారు. అది దేవుడి భాగం. ఆదివారం ఆ బియ్యం గుడికి వస్తుంది. ఇల్లు కాలిన వాళ్లకు, మగదిక్కు లేని వాళ్లకు, మంచం పట్టిన వాళ్లకు దాన్ని పంచుతారు. పంచడానికీ ఒక పద్ధతి ఉంది. మొదటి గుప్పెడు డబ్బాతో కొలవకూడదు. ఆ ఇంటివాళ్ల పేరు చెప్పి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, పిడికిలితో ఒళ్లో పోయాలి. మిగతాది డబ్బాతో కొలిచి పోస్తారు. మా అమ్మ అలా పోసింది, ఆమె అత్త అలా పోసింది. ఎందుకని ఎవరూ అడగలేదు, అంత మంచి పద్ధతిని అడగవలసిన పనీ లేదు.

ఇక అసలు సంగతి. కావలిలో జరిగిన కూటంలో ఒక అయ్యగారు ఐర్లాండు సన్యాసుల గురించి చెప్పారు. పదిహేను వందల ఏళ్ల కిందటి మాట. కర్రల చట్రానికి ఎద్దు తోళ్లు బిగించి కుట్టిన పడవల్లో, దేవుడి పేర సొంత ఊరు వదిలి, సముద్రం మీదికి వెళ్లేవారట. ఏ గట్టుకు చేరితే అక్కడే గుడిసెలు వేసుకునేవారట. నేల దున్నేవారు, రోగులను చూసేవారు, అక్షరాలు నేర్పేవారు, ఆ ఊరివాళ్లు పెట్టింది తినేవారు. తమను చూసి ఎవరైనా అడిగితే ప్రభువు సంగతి చెప్పేవారు. మేమంతా బాగుందని విని, మధ్యాహ్నం భోజనం చేసి తిరుగు ప్రయాణమయ్యాం. కరుణాకుమారి మాత్రం దారి పొడుగునా అదే మాట.

“పెదమామా, తోలు పడవెక్కి వాళ్లు సముద్రం దాటినారంటనే. మనం ముత్తుకూరు దాటి అవతలికి పోలేకుండా ఉండామే?”

“అవతల ఏముందమ్మా, సముద్రమేగా?” అన్నాను.

“సముద్రానికి ముందర మనుషులుండారు గదా.”

టైటస్ ఆటో తోలుతూ అద్దంలో చూసి, “తోలు పడవ నా దగ్గర లేదుగానీ, రెక్సిన్ సీట్ల ఆటో ఉండాది. గాలి ఎటు తోస్తే అటు పోనియ్యమంటావా?” అన్నాడు.

“నువ్వు తోలితే గాలి తోసినట్టే ఉంటాదిలే, రోడ్డు చూడు” అంది ఆమె.

ఆ ఏడు నవంబరులో ముసురు పట్టి బోట్లు ఒడ్డునే ఉండిపోయాయి. ముత్తుకూరు దాటాక పోర్టు రోడ్డు వదిలి ఇసుక దారి పట్టుకుంటే ఒక పట్టపుపాలెం, అంటే పట్టపు జాలర్ల పల్లె, వస్తుంది. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే అందరూ ఆటోలేసుకుని దిగబడతారని వెంకటశేషమ్మ వద్దంది. అక్కడ మాకు చుట్టాలు లేరు, మా గుడి లేదు. అందరూ పోలేరమ్మను కొలిచేవాళ్లు, సముద్రాన్ని నమ్ముకున్నవాళ్లు. వేట లేక పాలెంలో పొయ్యిలు సరిగా వెలగడం లేదని విని, సమాజం వాళ్లు గుప్పెడు బియ్యం మూటలు ఆటోలో వేసి కరుణాకుమారిని పంపారు.

ఆమె వెళ్లిన ఉదయం వాన తెరపిచ్చింది. సముద్రం కాస్త నెమ్మదించిందని నాలుగైదు బోట్లు తెల్లవారకముందే వేటకు దిగాయి. వాటిలో గంగాధరం బోటు ఒకటి. కరుణాకుమారి ఆటో దిగి వెళ్లిన మొదటి ఇల్లు గంగాధరానిది. గడపలో అతని భార్య వెంకటశేషమ్మ కూర్చుని ఉంది.

“అక్కా, ఇంటాయన పేరేంది?” అని అడిగింది మా పిల్ల.

“గంగాధరం. వేటకు పోయినాడు. ఏం?”

“ఒడి పట్టక్కా.”

ఆమె ఏమీ తోచక కొంగు పట్టింది. కరుణాకుమారి కళ్లు మూసుకుంది. “ప్రభువా, గంగాధరాన్ని నీ చేతులకు అప్పగిస్తా ఉండాం” అని, పిడికిలి నిండా బియ్యం తీసి ఆమె ఒళ్లో పోసింది.

వెంకటశేషమ్మ కేక వేసి కొంగు విదిలించింది. బియ్యం బురదలో చిందాయి. “నా మొగుడు సముద్రం మీద ఉండాడే పాపిష్టిదానా! పో! నా గడప ముందు నిలబడొద్దు పో!” అంటూ నెత్తి కొట్టుకుంది. నాలుగిళ్ల ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చారు. కరుణాకుమారికి ఏమీ అర్థం కాలేదు. “ఏం జేసినానక్కా, ఏం జేసినాను?” అని అడుగుతూనే ఉంది.

పట్టపుపాలేల్లో ఊరి పెద్దలను కాపులంటారు. వాళ్లు వేసే కట్టడి పేరు దురాయి. పెద్దకాపు కామాక్షయ్య వచ్చి, వెంకటశేషమ్మ చెప్పింది విని, అక్కడికక్కడే దురాయి వేశాడు. ఈ ఆటో వాళ్లతో పాలెంలో ఎవరూ మాట్లాడకూడదు, వాళ్లకు ఏదీ ఇవ్వకూడదు, వాళ్ల దగ్గర ఏదీ పుచ్చుకోకూడదు. విప్పని మూటలు విప్పనట్టే ఆటోలో తిరిగొచ్చాయి.

ఆ ఆదివారం మా గుడిలో ఇదే మాట. సువార్త కోసం మన బిడ్డ అవమానం పడిందన్నారు, శ్రమలు మొదలయ్యాయన్నారు. ఆ పాలెం కఠిన హృదయాలు కరగాలని కన్నీళ్లతో ప్రార్థన చేశారు. క్రిస్మసు కూటంలో ఆమెకు శాలువా కప్పాలని తీర్మానం కూడా అయింది. మా వాళ్లను తప్పుపట్టలేను. తలుపు మూసుకుంటే అది ప్రభువు పేరు మీదే మూసుకుందని అనుకోవడం మాకు చిన్నప్పటి నుంచి అలవాటు.

అసలు సంగతి టైటస్‌కు ముత్తుకూరు టీ అంగట్లో తెలిసింది. ఆ పాలెం మనిషే, పోర్టులో టిప్పరు తోలే అశోక్ అక్కడ టీ తాగుతున్నాడు. టైటస్ పలకరించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“దురాయి ఉండాది. నేను నీతో మాట్లాడను” అని, టీ కాసే ఆయన వైపు తిరిగాడు. “అన్నా, నేను నీకు చెబుతుండా, నువ్వు విను. పక్కనోళ్లు వింటే నాకు సంబంధం లేదు. మా కులంలో మనిషి పోతే, పాడె లేపే ముందర అయినోళ్లంతా ఒక్కొక్కరు పిడికిట్లో బియ్యం తీసుకుని, కళ్లు మూసుకుని, పేరు తలుచుకుని శవం నోట్లో ఏస్తారు. అర్థమయిందా?”

“నాకు తెలీకపోవడమేంది? మా ఇంట్లోనూ ఏస్తాం గదరా” అన్నాడు టీ ఆయన.

“నీకు తెలుసులే అన్నా. తెలియనోళ్లు కొందరుంటారు. వాళ్లు మనిషి సముద్రం మీద ఉండంగానే పేరడిగి, అప్పగిస్తా ఉండామని చెప్పి, పెళ్లాం ఒళ్లో పిడికిట్తో బియ్యం పోస్తారు. ఆ పొద్దు గంగాధరం మామ బోటు ఇంజను ఆగిపోయింది. తెల్లారి మధ్యాహ్నానికి గాని ఒడ్డు చేరలేదు. అందాకా శేషమ్మత్త గుక్కెడు నీళ్లు ముట్టలేదు. ఇంకో టీ పొయ్యి.”

టైటస్ ఇంటికొచ్చి చెప్పాడు. కరుణాకుమారి చేటలో బియ్యం చెరుగుతోంది. చేట కింద పెట్టేసింది. తర్వాత, “పెదమామా, దీనికా నాకు శాలువా కప్పేది?” అంది.

మరుసటి ఆదివారం సాక్ష్యం చెప్పే వేళ లేచి నిలబడింది. “నన్ను ఎవురూ హింసించలేదయ్యా. నేనే ఆ అక్కను ఏడిపించినాను. శాలువా మాట మానుకోండి. ఆమె ముందర తప్పు ఒప్పుకునేదానికి దారి దొరకాలని ప్రార్థన చెయ్యండి, చాలు” అని చెప్పి కూర్చుంది. కొందరికి ఆ మాట రుచించలేదు. తెలియక చేసినదానికి తప్పేమిటన్నారు.

ఆ వారం నుంచి, పని లేని రోజు చూసుకుని పాలేనికి వెళ్లడం మొదలుపెట్టింది. లోపలికి వెళ్లేది కాదు. వాళ్ల కట్టడిని దాటితే అది ఇంకో తప్పవుతుందని పాలెం మొదట్లో ఉన్న కల్వర్టు మీద కూర్చునేది. చేపల గంపలతో ఆడవాళ్లు షేర్ ఆటో ఎక్కడానికి అక్కడికే రావాలి. ఆమెతో మాట్లాడకూడదు కనుక, ఆమె గురించి వాళ్లలో వాళ్లే మాట్లాడుకునేవాళ్లు.

“ఈ మనిషికి వేరే పన్లేదేమో మే?”

“నాట్లేసే మనిషంట. నారు ఇంకా ఎదగలేదేమో.”

“ఇసకలో ఏస్తాదేమో నాట్లు!”

మా పిల్లకూ నవ్వొచ్చేది, కానీ పైకి నవ్వేది కాదట. సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేది. వెంకటశేషమ్మ ఆ దారినే వెళ్లేది, తల తిప్పి చూసేది కాదు. మా ఇంట్లో అందరం ఇక చాలించమన్నాం. టైటస్ మాత్రం, “పోనియ్యండి. చేను తడి చాలకపోతే నీళ్లు పెట్టకుండా వదిలేసొచ్చే మనిషి కాదు అది” అన్నాడు. మా తమ్ముడి కొడుకుల్లో అతనే తెలివైనవాడు.

మార్చిలో ఒకరోజు కామాక్షయ్య తనే కల్వర్టు దగ్గరికి వచ్చాడు. దురాయి వేసిన పెద్దకాపుకు మాట్లాడే హక్కు ఉంటుంది.

“ఏమ్మా, ఏం గావాల నీకు? చేపలా, రొయ్యలా, మా ప్రాణాలా?”

“తప్పు ఒప్పుకోవాల పెద్దయ్యా. కాపుల ముందర, ఆ అక్క ముందర.”

ఆయన కాసేపు ఆమెను చూసి, “రా” అన్నాడు.

పోలేరమ్మ గుడి ముందు కాపులు కూర్చున్నారు. ఆడవాళ్లు ఒక పక్క నిలబడ్డారు. వెంకటశేషమ్మను పిలిపించారు. కరుణాకుమారి జరిగింది జరిగినట్టు చెప్పింది. మా ఇళ్లలో గుప్పెడు బియ్యం ఎలా తీస్తారో, ఎందుకు అలా పోస్తారో చెప్పింది. “మాకది దీవెన. మీకది చావని నాకు తెలీదు. తెలుసుకోకుండా మీ గడప తొక్కడమే నా తప్పు” అంది.

కామాక్షయ్య తలూపాడు. “తెలీక చేసినావు, ఒప్పుకున్నావు. సరే. మా కట్టుబాటు ఒకటి ఉండాది. తప్పు చేసినోళ్లు అమ్మవారి ముందర కర్పూరం ఎలిగించి సాష్టాంగపడాల. పడు, దురాయి తీసేస్తాం.”

మా పిల్ల అక్కడ ఆగిపోయింది. ఇన్ని నెలలు తిరిగింది ఈ ఒక్క మాట కోసం. అది చేస్తే తలుపు తెరుచుకుంటుంది. చేయకపోతే మూసిన తలుపు మూసినట్టే.

“పెద్దయ్యా, అమ్మవారిని నేను ఒక్క మాటనను. మీ తల్లి మీకు తల్లి. కానీ నేను ఆమెకు మొక్కలేను. నా మొక్కు ఒకరికే ఇచ్చుకున్నాను” అంది.

“అయితే మా అమ్మవారు కానిదా?” అని ఒక కుర్రకాపు లేచాడు.

“కానిదనలేదన్నా. లోపల ఒకటి పెట్టుకుని పైకి మొక్కితే అది మీకూ మోసమే, నా దేవుడికీ మోసమే. ఇంకో మోసం చేసేదానికి రాలేదు నేను. తప్పు చేసింది ఈ అక్కకు. ఈ అక్కకు సాష్టాంగపడతాను. దానికి నాకు ఏ అడ్డమూ లేదు.”

అంటూనే వెళ్లి ఇసుకలో వెంకటశేషమ్మ కాళ్ల ముందు పడింది. నాట్లప్పుడు తప్ప ఎవరి ముందూ నడుం వంచని మనిషి మా కరుణాకుమారి. వెంకటశేషమ్మ వంగి మా పిల్ల రెక్క పట్టుకుంది.

“లెయ్యి మే, లెయ్యి. ఇసక కాలిపోతా ఉండాది. అబద్ధానికైనా ఒకసారి మొక్కుంటే సరిపోయేది గదా? మీ గుడోళ్లు ఎవురు చూడొచ్చినారు?”

“అట్టా మొక్కి నీ ఇంటికొస్తే, నేను చెప్పే ఇంకో మాట నమ్ముతావా అక్కా?”

వెంకటశేషమ్మ గుడి దగ్గరే ఉన్న తన ఇంట్లోకి వెళ్లిపోయింది. అయిపోయింది అనుకుంది మా పిల్ల. రెండు నిమిషాలకు ఆమె స్టీలు గ్లాసుతో బయటికొచ్చింది. “గొంతు పిడచగట్టి ఉండాది, చూస్తే తెలీడంలా? తాగు” అంది.

“దురాయి కాపులేసినారు, కాపులే తియ్యాల. నువ్వెవురు నీళ్లిచ్చేదానికి?” అన్నాడు కామాక్షయ్య.

“ఏడ్చింది నేను గదా పెద్దకాపూ. నా ఏడుపులో కాపులకేమన్నా పాలు పంచినానా? ఇప్పుడొచ్చి పంచమంటారే!”

ఆడవాళ్లంతా ఫక్కున నవ్వారు. కాపులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కామాక్షయ్య మీసం తుడుచుకుని, “తాగమ్మా తాగు. ఇచ్చినాక ఇంకేం దురాయి” అన్నాడు. కరుణాకుమారి ఆ నీళ్లు ఒక్క గుక్కలో తాగేసింది. ఇది మొదటి విజయం.

ఆ తర్వాతివి కూడా చెబుతాను. నాట్లు, కోతలు లేని రోజుల్లో ఆమె పాలెంలో ఉండటం మొదలుపెట్టింది. వెంకటశేషమ్మ వసారాలోనే పడక. పెట్టింది తినేది, చెప్పిన పని చేసేది. ఎండుచేపలు తిరగేయడం నేర్చుకుంది. “నాట్లేసే నడుమే, ఎండుచేపలకు బాగా పనికొస్తాది” అని వెంకటశేషమ్మ మెచ్చుకుంది. గుప్పెడు బియ్యం ఇప్పుడు ఆ పాలెం చేరుతుంది, కానీ మా ఊళ్లోనే అన్నంగా వండి గిన్నెల్లో పంపుతాం. మా సమాజంలో కొత్త ఇంటికి వెళ్లేముందు ఆ ఇంటి ఆచారం అడిగి తెలుసుకోవాలనే నియమం కూడా ఆమె పెట్టించిందే. ఆమెను చూసి మా సంఘంలో ఒక జంట ఇటుక బట్టీల దగ్గర కాపురం పెట్టారు. వాళ్లు అక్కడి పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నారు.

ప్రభువు సంగతి ఆమె తనంతట తాను ఎత్తలేదు. వాళ్లే అడిగారు. చేపలు ఎండబెట్టే చోట, వెంకటశేషమ్మ కోడలు దుర్గ, “అక్కా, మీ దేవుడికి సముద్రం తెలుసునా?” అని అడిగిందట. తెలుసంటూ మా పిల్ల చెప్పింది. రాత్రంతా వేటాడినా ఏమీ పడక తిరిగొస్తున్న జాలర్ల కోసం ఆయన తెల్లారేసరికి ఒడ్డున నిప్పులు చేసి, చేపలు కాల్చి, రండి తినండి అని పిలిచిన సంగతి.

“దేవుడే కాల్చినాడా? చేత్తో?” అంది వెంకటశేషమ్మ.

“చేత్తోనే.”

“ఏం చేపలంట?”

“అది రాయలేదక్కా.”

“మగోళ్లు రాసుంటారు. తినేసి లేచుంటారు, అందుకే.”

ఆ నవ్వుల్లోనే దుర్గ, “మళ్లీ చెప్పక్కా” అంది. ఇప్పుడు ఆమె నెలలో ఒకటి రెండు ఆదివారాలు మా గుడికి వస్తుంది. అత్తే బస్సెక్కిస్తుంది. అత్త మాత్రం ఈనాటికీ పోలేరమ్మకు దీపం పెడుతుంది. నెల్లూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, ఇన్నాళ్లలో ఎందరు మారారని అడిగితే, కరుణాకుమారి, “వాళ్లింకా నన్ను చూస్తా ఉండారయ్యా. చూడనియ్యండి” అంది. ఆ మాటకు నేను దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఆమెను నా తమ్ముడి ఇంటికి కోడలిగా తెచ్చినందుకూ చెప్పుకున్నాను. కాళ్ల మీద పడ్డ మనిషిని రెక్క పట్టి లేపిన ఆ పాలెం తల్లి కోసమూ చెప్పుకున్నాను.

ఈ ఏడు ఈస్టరు అయ్యాక ఆమె ఎడగారు, అంటే వేసవి పంట, నాట్లకని ఊరికొచ్చింది. అక్కడ చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. మొన్న గట్టు మీద కూర్చుని అన్నం తింటుంటే వెంకటశేషమ్మ ఫోను. చెయ్యి అన్నంలో ఉంది కనుక స్పీకరు పెట్టింది, మేమంతా విన్నాం.

“ఏం మే, నారు నాటతా ఉండావా, నేల మొత్తం నాటేస్తావా? ఎప్పుడొస్తావు?”

“రెండు మడులుండాయక్కా. ఏం తొందర?”

“ఏం తొందరా? నిషేధం అయిపోతాది, మా ఆయన బోటు దిగతాది. కొత్త ఇంజను. నువ్వు ఒడ్డున ఉండాల. కాపుల్ని కూడా అడిగినా, ఉండమన్నారు.”

కరుణాకుమారి చేతిలోని ముద్ద అలాగే ఉండిపోయింది. “ఆయన సముద్రం మీదికి పోయేటప్పుడు నేను ఎదురుగా ఉంటే నీకు భయం లేదా అక్కా?” అంది.

“నువ్వు లేకపోతేనే భయం. నా దీపం నేను పెట్టుకుంటా. నువ్వు నీ దేవుడికి చెప్పుకో. గట్టిగా చెప్పు, ఈడ గాలి ఎక్కువ.”

మా పిల్ల ఆ తర్వాత అన్నం తినలేదు, కళ్లు తుడుచుకుంటూ మడిలోకి దిగింది. మిగిలిన రెండు మడులూ ఈ వారంలో అయిపోతాయి. ఆదివారం ఆరాధన ముగియగానే టైటస్ ఆటోలో బయలుదేరుతుంది. బోట్లు దిగేవేళకు పాలెంలో ఉంటానని వెంకటశేషమ్మకు మాట ఇచ్చింది. అక్కడ ఆమె కోసం ఎదురుచూస్తున్న రోజు, వేట నిషేధం ముగిసే జూన్ పద్నాలుగు.